అనుమతి నొక్కే వేలు ఎవరిది? పిల్లల ఆన్‌లైన్ భద్రతపై పర్లాకిమిడి చర్చ

(ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోని ఒక చిన్న స్టూడియోలో జరిగిన తెలుగు చర్చ ఇది. పిల్లలెవరో బయటపడకూడదని ఎవరి పేర్లూ రాయలేదు. – వ్యాఖ్యాత)

వ్యాఖ్యాత: నమస్కారం. ఆన్‌లైన్‌లో పిల్లల్ని కాపాడే బాధ్యత ఎవరిదని మన ఊళ్లో ఎవరిని అడిగినా "కన్నవాళ్లదే" అంటారు. మరి కన్నవాళ్లు ఊళ్లో లేని ఇళ్ల సంగతేమిటి? అమ్మమ్మగారూ, మీరు చెప్పండి.

అమ్మమ్మ: మా అమ్మాయి, అల్లుడు హైదరాబాదులో బిల్డింగు పనికి వెళ్లారు బాబూ. సంక్రాంతికి వస్తారు. మనవడు ఏడో క్లాసు. వీడితో మాట్లాడ్డానికని వాళ్లమ్మే ఫోన్ కొనిచ్చింది. నాకు ఎత్తడం, పెట్టెయ్యడం తప్ప ఏమీ తెలీదు. గ్యాస్ బుక్ చెయ్యాలన్నా వాడే, అమ్మాయి డబ్బులు వేసిందో లేదో చూడాలన్నా వాడే. ఓటీపీ వస్తే చదివేదీ వాడే. వాడి మీద కన్నేసి ఉంచమంటారు అందరూ. ఆ ఫోన్ దగ్గర నన్ను చూసుకుంటున్నది వాడు కదా!

న్యాయవాది: మన చట్టానికి అందనిది సరిగ్గా ఈ ఇల్లే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, ఇచ్చినవాళ్లు నిజంగా పెద్దవాళ్లేనా అని సరిచూసుకోవాలి. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, ఈ ఏర్పాట్లకు 18 నెలలు గడువిచ్చారు. కానీ ఈవిడ ఇంట్లో "సరే" అని నొక్కే వేలు పిల్లాడిదే. పైగా తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకులు అంటుంది చట్టం. మనవణ్ణి పెంచుతున్న అమ్మమ్మ చేతిలో ఏ కాగితం ఉంటుంది?

వ్యాఖ్యాత: అయితే ఆ చట్టంతో లాభం లేదా?

న్యాయవాది: ఉందండీ. అందులోనే 9వ సెక్షన్‌లో, పిల్లలు ఏం చూస్తున్నారో వెంటపడి గమనించకూడదని, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపించకూడదని ఉంది. పిల్లల విషయంలో చట్టం పెట్టిన బాధ్యత తప్పితే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా. దీనికి అమ్మమ్మ ఏదీ నొక్కక్కర్లేదు, కంపెనీయే పాటించాలి. నా మటుకు బరువంతా అక్కడే పెట్టాలంటాను. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదంది. తప్పితే కంపెనీకి 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల వరకు జరిమానా. పిల్లలకు, తల్లిదండ్రులకు శిక్ష లేదు.

ఫోన్ షాపు యజమాని: వయసు అడిగితే సరిపోతుందా సార్? నా షాపుకొచ్చే పిల్లలు పుట్టిన సంవత్సరం మార్చేసి ఖాతా తెరుస్తారు. అడ్డుకునేవాళ్లు లేరు.

టీచర్: కంపెనీలదే తప్పంటే నేను సగమే ఒప్పుకుంటాను. నా క్లాసులో ఒక అమ్మాయి ఉంది, తొమ్మిదో తరగతి. ఎవరో ఆ పిల్ల ఫొటో తీసుకుని, అసభ్యంగా మార్చి, డబ్బు పంపకపోతే అందరికీ పెడతామన్నారు. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. ఎందుకమ్మా అని అడిగితే, "చెప్తే ఫోన్ లాక్కుంటారు టీచర్, చదువు మాన్పించేస్తారు" అంది. బెదిరించినవాడి కంటే ఇంట్లోవాళ్లంటేనే ఆ పిల్లకి భయం.

(టీచర్‌గారు ఇక్కడ కాసేపు మాట్లాడలేదు. నేనూ ఇంకో ప్రశ్న వెయ్యలేకపోయాను.)

టీచర్: వాళ్లు పెట్టేసిన ఆ ఫొటో కింద కామెంట్లు చూశాను. తెలుగు బూతులు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఒడియా. రిపోర్టు కొడితే "ఇది మా నిబంధనలకు విరుద్ధం కాదు" అని జవాబొచ్చింది. మన మాటలు చదివేవాళ్లే అక్కడ లేకపోతే ఆ రిపోర్టు బటన్ ఎవరి కోసం?

వ్యాఖ్యాత: పోలీసుల దగ్గరికి వెళ్లారా?

టీచర్: ఆ అమ్మాయి ఇంట్లోవాళ్లు వెళ్లారు. ఇల్లేమో ఇక్కడ, ఒడిశాలో. సిమ్ పాతపట్నంలో కొన్నారు, అది ఆంధ్ర. ఇక్కడివాళ్లు అక్కడికి వెళ్లమన్నారు. అక్కడివాళ్లు ఇల్లెక్కడో అక్కడే ఇవ్వమన్నారు. రెండు రోజులు ఆటోలో అటూ ఇటూ తిరిగారు. ఈలోగా ఆ ఫొటో ఎంతమంది ఫోన్లకు చేరిందో!

న్యాయవాది: అలా తిప్పి పంపే హక్కు ఎవరికీ లేదు. దయచేసి అందరూ ఇది గుర్తుపెట్టుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న, నేరాల కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. జీరో ఎఫ్ఐఆర్ అని అడగండి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు కబురు ఇచ్చి తీరాలి, టీచర్లయినా సరే. డబ్బు పోతే 1930కి, పిల్లలకు సాయం కావాలంటే 1098కి ఫోన్ చెయ్యండి.

టీచర్: ఆ ఫొటో తీయించడానికి నాకు పనికొచ్చింది "టేక్ ఇట్ డౌన్" అనే ఆన్‌లైన్ సేవ. అమెరికాలో పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థది, ఉచితం. ఫొటోని ఎవరికీ పంపక్కర్లేదు. మన ఫోన్లోనే దానికొక గుర్తు తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన కంపెనీలు దాన్ని బట్టి వెతికి తీసేస్తాయి. ఆ అమ్మాయి పక్కన కూర్చుని చేశాం. ఫోన్ మాత్రం లాక్కోలేదు. వాళ్లమ్మను ఒప్పించడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

అమ్మమ్మ: మంచి పని చేశావు తల్లీ. మా వాడు ఇలాంటిదేదైనా దాచుకున్నాడేమో, నాకెలా తెలుస్తుంది?

ఫోన్ షాపు యజమాని: ఫోన్ నా షాపుకి తీసుకురండి అమ్మమ్మగారూ. కొత్తవాళ్లు మెసేజ్ పెట్టకుండా, ఖాతా ఎవరికి పడితే వాళ్లకి కనిపించకుండా సెట్టింగులు పెడతాను. డబ్బులొద్దు. ఇన్నాళ్లూ ఫోన్లు అమ్మేటప్పుడు ఇదొక్కటీ నేను ఎవరికీ చేసిపెట్టలేదు.

అమ్మమ్మ: ఎల్లుండి వస్తాను బాబూ. వాణ్ణి కూడా తెస్తాను. వాడికి తెలియకుండా ఏదీ చెయ్యొద్దు, వాడి ఎదురుగానే చెయ్యి.