సోయి లేదని తిట్టే ముందు

(పాలమూరు జిల్లాలోని ఒక ప్రభుత్వ బడిలో, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలకు, నాయనలకు, మనవళ్ల కోసం వచ్చిన అవ్వలకు, తాతలకు నమస్కారం. పత్తి ఏరే రోజుల్లో ఒక పూట కూలి వదులుకుని వచ్చారు. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

కొన్నేళ్ల కిందట నా నాలుగో తరగతిలో ఒక పాప ఉండేది. అల్లరి లేదు, గొడవ లేదు. కిటికీ పక్కన కూర్చునేది. లెక్కల నోట్‌బుక్ తెరిస్తే మొదటి రెండు లెక్కలు సరిగ్గా ఉండేవి. మూడోదాంట్లో గుర్తు చూసుకోకుండా తీసివేతకు బదులు కూడిక చేసేది. నాలుగోది సగంలో ఆగిపోయేది. ఐదోది అసలు ఉండేదే కాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడిగితే మాత్రం అన్నీ చెప్పేది. "వచ్చిన లెక్క చేయడానికేంది, సోయి ఎక్కడుంది నీకు?" అని ఏడాదంతా తిట్టాను. ఆ పాపకు ఏడీహెచ్‌డీ ఉందని తర్వాత డాక్టర్లు చెప్పారు. అంటే పని మీద మనసు నిలవకపోవడం, కొందరిలో కుదురు లేకపోవడం. ఆ తిట్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇది మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. చాలా ఇళ్లలో వంశంలోనే వస్తుంది. తల్లి పెంపకం తప్పు కాదు, పిల్లకు తెలివి తక్కువా కాదు. బెంచీలు దూకే పిల్లవాడిని అందరం గమనిస్తాం. అల్లరి చేయకుండా పరధ్యానంగా ఉండే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, మన కంట పడరు.

"ఫోన్ ఇస్తే గంటసేపు కదలడు కదా మేడం" అంటారు. ఫోన్‌లో క్షణానికో కొత్త బొమ్మ వస్తుంది, అదే వాడిని పట్టి ఉంచుతుంది. విసుగు పుట్టించే పని మీద మనసు నిలుపుకోవడమే ఈ పిల్లలకు కష్టం.

అలాగని కుదురులేని ప్రతి పిల్లకూ ఈ పేరు పెట్టకండి. మక్తల్, కోస్గి వైపు నుంచి ముంబై, పూణె పనులకు పోయినవాళ్ల పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. అమ్మ బస్సెక్కిన వారం నుంచి చదువు మానేస్తే అది దిగులు కావచ్చు. ఏడీహెచ్‌డీ అలా ఒక్కసారిగా మొదలవదు. లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉన్నాయా, 12 ఏళ్లలోపే కనిపించాయా, ఇంట్లోనూ బడిలోనూ ఉన్నాయా అని డాక్టర్లు చూస్తారు. అందుకే మీరు చూసింది మాకు చెప్పాలి, మేం చూసింది మీకు చెప్పాలి. ముందుగా చూపు, వినికిడి పరీక్ష చేయించండి. బోర్డు కనిపించని పిల్ల కూడా పరధ్యానంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. సరిగ్గా నిద్రపోతున్నదో లేదో కూడా చూడండి.

పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు బడికి వచ్చినప్పుడు వాళ్లకు చెబుదాం. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో పిల్లల డాక్టర్‌కు చూపించవచ్చు. టెన్షన్‌గా ఉంటే మనసు బాధలకు సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఆరేళ్లలోపు పిల్లలైతే మందుల కంటే ముందు, వాళ్లతో ఎలా నడుచుకోవాలో తల్లిదండ్రులకు నేర్పిస్తారు. ఇంట్లో ఈ రోజు నుంచే ఒకటి చేయవచ్చు. "స్నానం చేసి, బ్యాగు సర్దుకుని, తినేసి రా" అని మూడు పనులు ఒకేసారి చెప్పకండి. దగ్గరికి వెళ్లి, కళ్లలోకి చూసి, ఒక్క పని చెప్పండి. అది అయ్యాక మెచ్చుకుని రెండోది చెప్పండి.

నోట్‌బుక్కులు తెచ్చినవాళ్లు కాసేపు ఉండండి. ఒక్కొక్కటే తెరిచి, లెక్క ఎక్కడ ఆగిపోతున్నదో కలిసి చూద్దాం.