సర్టిఫికెట్ ఎవరిది, రాత్రి వంటింట్లో ఉండేది ఎవరు?

అందరికీ నమస్కారం.

అమెరికాలో హోటల్ పెట్టిన మనవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఫుడ్ మేనేజర్ సర్టిఫికెట్ ఎంతమందికి ఉండాలండీ?" ఆహార భద్రత పరీక్ష పాసైనవాళ్లకు ఇచ్చే సర్టిఫికెట్ అది. దేశమంతటికీ ఒకే లెక్క లేదు. ఎఫ్‌డీఏ, అంటే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, వారి ఫుడ్ కోడ్ ఆహార భద్రత నియమాలకు ఒక నమూనా. అందులో ఎంతవరకు చట్టం చేసుకోవాలన్నది రాష్ట్రాల ఇష్టం. టెక్సస్, కాలిఫోర్నియాల్లో రెస్టారెంటుకు కనీసం ఒక్కరైనా గుర్తింపు పొందిన పరీక్ష పాసై ఉండాలి. సర్టిఫికెట్ ఐదేళ్లు చెల్లుతుంది. కాలిఫోర్నియాలో ఒకే మనిషిని రెండు బ్రాంచీలకు చూపిస్తే ఒప్పుకోరు. కొన్ని కౌంటీలు ఇంకా గట్టిగా ఉంటాయి, మీ హెల్త్ డిపార్ట్‌మెంటును కనుక్కోండి.

అయితే ఆ ఒక్కరితో సరిపెట్టుకోవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను. 2013 ఫుడ్ కోడ్ కూడా అజమాయిషీ చేసేవాళ్లలో ఒక్కరికి ఉంటే చాలంది. 2017 నాటికి మాట మారింది: ఆ పూట బాధ్యత ఎవరిదైతే వాళ్లకే సర్టిఫికెట్ ఉండాలంది. ఎందుకో హోటల్ మూసే వేళ వంటింట్లోకి వెళ్తే తెలుస్తుంది.

పెద్ద గిన్నెడు సాంబారు, ట్రేల నిండా అన్నం మిగిలాయనుకోండి. ఓనరు ఇంటికెళ్లిపోయారు. కుర్రాడు గిన్నెకు మూత పెట్టి అలాగే గదంత ఫ్రిజ్ అయిన వాకిన్ కూలర్‌లోకి తోసేస్తాడు. పైన చల్లగానే ఉంటుంది, నడుమ తెల్లారేదాకా గోరువెచ్చగా ఉంటుంది. కోడ్ ప్రకారం 135 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి రెండు గంటల్లో 70కి, మొత్తం ఆరు గంటల్లో 41కి దిగాలి. లోతు తక్కువ ట్రేల్లోకి పంచాలి, ఐసు నీళ్లలో పెట్టి కలుపుతూ ఉండాలి, థర్మామీటరు నడుమదాకా గుచ్చి చూడాలి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా ఉంటే మొలకెత్తి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. పొద్దున మళ్లీ మరిగించినా ఆ విషం పోదు. "వేడి చేశాంగా" అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

నువ్వుల సంగతీ చూసుకోండి. 2023 నుంచి అవి అమెరికాలో తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థం. మన పొడుల్లో, పచ్చళ్లలో నువ్వులుంటాయని వడ్డించేవాళ్లకు తెలియాలి.

అందుకే రాత్రి షిఫ్టు చూసుకునేవాళ్ల చేత పరీక్ష రాయించండి. ఫీజు మీరే కట్టండి, చదువుకోవడానికి పని వేళల్లోనే టైమివ్వండి. థర్మామీటరు వాళ్ల చేతికే ఇవ్వండి. చల్లారని గిన్నె పారబోస్తే ఎందుకు పారబోశావని నిలదీయకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.