చుట్టుదారిలో చేతికి వచ్చిన పని

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, పిల్లలతో పాటు శ్రమ తీసుకుని వచ్చిన తల్లిదండ్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

విజయవాడలో నిలబడి డిజైన్ గురించి మాట్లాడవలసి వస్తే నాకు మొదట గుర్తుకు వచ్చేది 1921. ఆ ఏడాది మార్చి నెలాఖరున ఈ ఊళ్లో, అప్పటి బెజవాడలో, అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండేలా ఒక జెండా తయారుచేసి ఇమ్మని గాంధీజీ పింగళి వెంకయ్య గారిని అడిగారు. మూడు గంటల్లో జెండా తన చేతికి అందిందని, అయినా కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైందని, తక్కిన మతాలకు గుర్తుగా మరో రంగు కూడా ఉండాలని ఈలోగా తనకు తోచింది కనుక ఆ ఆలస్యం మేలే చేసిందని గాంధీజీ ఆ ఏప్రిల్‌లో 'యంగ్ ఇండియా' పత్రికలో రాశారు. పని అప్పగించేవారు ఒకరు ఉండడం, గడువు మీద పడడం, ఇచ్చిన తరువాత సవరణ రావడం మా వృత్తిలో ఈనాటికీ రోజూ జరిగేదే.

అయితే ఆ మూడు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. వెంకయ్య గారు చిత్రకారుడిగా జీవితం మొదలుపెట్టినవారు కారు. సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్లారు. పత్తి వంగడాల మీద పరిశోధించి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్నారు, జపనీస్ నేర్చి 'జపాన్ వెంకయ్య' అయ్యారు, మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. దేశదేశాల జెండాలను పరిశీలించి, మన జెండా ఎలా ఉండవచ్చో కొన్ని నమూనాలు గీసి 1916లోనే పుస్తకంగా వేశారు. అడిగిన నాటికి ఆయన చేయి సిద్ధంగా ఉంది.

మన ప్రాంతంలో ఈ దారి ఆయన ఒక్కరిదే కాదు. అడివి బాపిరాజు గారు న్యాయశాస్త్రం చదివి, చిత్రకారులుగా, రచయితగా నిలిచారు. బాపు గారి పట్టా కూడా న్యాయశాస్త్రంలోనిదే, కానీ ఇవాళ తెలుగు నాట ఆయన చేతిరాత ఒక అక్షర శైలిగా శుభలేఖల మీద, దుకాణాల బోర్డుల మీద కనబడుతోంది. దుగ్గిరాల దగ్గరి తుమ్మపూడికి చెందిన సంజీవదేవ్ గారు హిమాలయాలలో తిరిగి, కులూలో రష్యన్ చిత్రకారుడు నికోలస్ రోరిక్ సాన్నిహిత్యం పొంది, తిరిగి పల్లెకే వచ్చి అక్కడి నుంచే బొమ్మలు వేస్తూ కళల గురించి రాస్తూ గడిపారు. వీరిని నాతో పోల్చుకునే సాహసం చేయను. కళకు మన దగ్గర రాచబాట ఉండేది కాదని, తిరిగి వచ్చినవారు ఆ తిరుగుడులో సంపాదించినదాన్ని పారేయలేదని చెప్పడానికే పేర్లు తలచుకున్నాను.

నేను గుంటూరులో బి.కాం. చదివాను. ఉద్యోగం అవసరమై ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డి.టి.పి. ఆపరేటరుగా చేరాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఏది వస్తే అది కంపోజు చేసేవాణ్ణి. తెలుగు అక్షరం ఎంత చోటు అడుగుతుందో నాకు అక్కడే తెలిసింది. 'రాష్ట్ర' అన్న మాటనే చూడండి. 'ష' కింద 'ట', 'ర' వత్తులు రెండూ చేరి కిందికి దిగుతాయి. కింది వరుసలో సరిగ్గా అక్కడే 'కీ' లాంటి అక్షరం పడితే దాని గుడిదీర్ఘం వెళ్లి ఆ వత్తుకు తగులుతుంది. వరుసల మధ్య ఎడం పెంచితే విషయం పేజీ దాటిపోతుంది, తగ్గిస్తే అక్షరాలు కలిసిపోతాయి. అందుకని మాట మార్చడమో, వరుస విరిచే చోటు మార్చడమో చేయాలి. ఇంగ్లీషు కోసం తయారైన కొలతలను తెలుగుకు అలాగే తొడిగితే పేజీ ఊపిరాడనట్టు ఉంటుందని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

తరువాత ఒక విత్తనాల కంపెనీలో ప్యాకెట్ల డిజైను చూశాను. ప్రతి రంగుకూ విడిగా అచ్చు వేసే సిలిండరు చెక్కించాలి కాబట్టి, ఒక్క గీత మార్చినా ఖర్చే. ముదురు రంగు మీద తెల్లగా వదిలిన సన్నటి అక్షరం సిరా పాకి పూడిపోతుంది. రకం పేరు, గడువు తేదీ, లాట్ నంబరు రైతు చదవగలిగేలా ఉండాలి, ఎందుకంటే పంట పోయిన నాడు అతని చేతిలో మిగిలే సాక్ష్యం ఆ ఖాళీ ప్యాకెట్టే. దుకాణాల దగ్గర నిలబడి గమనిస్తే, చాలామంది పేరుతో కాక రంగుతో, మీది బొమ్మతో విత్తనం అడిగేవారు. చదవడం రానివారిని కూడా చదువరులుగా లెక్కవేసుకోవాలన్న పట్టుదల నాకు అప్పుడు కలిగింది, ఇప్పటికీ పోలేదు.

కళ మాత్రం పెడనలో మొదలైంది. సెలవు రోజుల్లో అక్కడి కలంకారీ అద్దకాల షెడ్లకు వెళ్లేవాణ్ణి. కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన లేత పసుపు గుడ్డ మీద, ఇనుప ముక్కలను బెల్లం నీటిలో ఊరబెట్టి తీసిన ద్రావకంతో అచ్చు వేస్తే, గీత చూస్తుండగానే నల్లబడుతుంది. ఎరుపు అలా కాదు. పటిక కలిపిన ద్రవంతో అచ్చు వేసినప్పుడు గుడ్డ మీద దాదాపు ఏమీ కనబడదు. ఉతికి, రాగి కాగులో మొక్క వేళ్ల నుంచి తీసిన రంగుతో కాచినప్పుడు పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. అచ్చు వేసే పెద్దాయన కనబడని ఆ ఎరుపును మనసులో పెట్టుకుని, నల్ల గీతకు సరిగ్గా ఆనించి మూల కలిపేవాడు. ప్రెస్సులో నాలుగు రంగుల ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోకపోతే బొమ్మ చెదిరినట్టు కనబడడం ఎరిగినవాణ్ణి కాబట్టి, ఆయన చేతి నిబ్బరం విలువ నాకు వెంటనే అర్థమైంది. ఇంటికి వచ్చి బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు పొద్దున పూట నా బొమ్మలు, మధ్యాహ్నం నుంచి ఇతరుల పని చేసుకుంటున్నాను. ఒకదానిలో ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు, రెండోదానిలో ప్రతి గీతకూ చెప్పాలి. నాకు రెండూ కావాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లలకు ఇప్పుడు తిన్నని దారి కూడా ఉంది. అహ్మదాబాదులో 1961లో మొదలైన జాతీయ డిజైన్ సంస్థ వంటిదే మన రాష్ట్రంలోనూ 2015లో వచ్చింది, మొదట నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే నడిచింది. ప్రవేశ పరీక్ష రాయనివ్వండి. సీటు రాకపోతే, లేదా ఇంజనీరింగులోనో కామర్సులోనో చేరవలసి వస్తే, బొమ్మల పుస్తకాన్ని అటక ఎక్కించకండి. ఒక వేసవి ఏదైనా ప్రెస్సులోనో, అద్దకాల షెడ్డులోనో, కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కే ఇంట్లోనో కూర్చోనివ్వండి. మర్యాదగా అడిగితే చేతిపని చూపించేవారు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు.

విద్యార్థులు తెచ్చిన పనిని భోజనాల తరువాత పక్క గదిలో కలిసి చూద్దాం. పూర్తయిన బొమ్మలే కాక, మధ్యలో వదిలేసినవి, పుస్తకాల అట్టల లోపల గీసుకున్నవి కూడా బల్ల మీద పెట్టండి. వాటి గురించి కూడా మాట్లాడవలసింది ఉంటుంది.