రాట్నం ముందు కెమెరా పెట్టినవాళ్లు

(పొందూరు నూలు మీద తీసిన ఒక డాక్యుమెంటరీ ప్రదర్శనకు ముందు శ్రీకాకుళంలో చేసిన ప్రసంగం)

పెద్దలకి, తోటి కెమెరా వాళ్లకి, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలకి నమస్కారం.

నేను సినిమా పండితుణ్ణి కాదు. ఈ ఊళ్లో పెళ్లి వీడియోలు తీసి బతికినవాణ్ణి. జీలకర్ర బెల్లం పెట్టాక కూడా పంతులుగారిని ఆపి "బాబూ, చెయ్యి తియ్యకు, ఇంకొక్కసారి" అని పెళ్లికొడుకుని నిలబెట్టేసే జాతి మాది. మీరిప్పుడు చూడబోయే సినిమా తీసిన ఇద్దరూ ఆ "ఇంకొక్కసారి" అనే మాట ఎక్కడా వాడకుండా పని ముగించారు. అదెలా కుదిరిందో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను. అమ్మాయిది ఆమదాలవలస వైపు, దర్శకత్వం, ఎడిటింగు ఆమెవి. అబ్బాయిది బొబ్బిలి వైపు, కెమెరా, సౌండు అతనివి. సినిమా పొందూరులో నూలు వడికే ఒకావిడ గురించి. ఆవిడ సంగతి తెర మీద చూస్తారు. నేను తీసినవాళ్ల సంగతి చెబుతాను.

పొందూరు ఖద్దరంటే మన జిల్లాలో ఎవరికైనా గొప్పే. అక్కినేని నాగేశ్వరరావుగారు ఆ పంచెలే కట్టేవారని మా ముందు తరం వాళ్లు ఇప్పటికీ చెబుతారు. గాంధీగారు ఈ బట్ట సన్నదనం చూసి కొడుకు దేవదాస్‌ని ఇక్కడికి పంపించారని ఊళ్లో చెప్పుకుంటారు. 1949లో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. ఇదంతా మనకి నోటికొచ్చు. కట్టుకున్నవాళ్ల పేర్లు, మెచ్చుకున్నవాళ్ల పేర్లు గడగడా చెప్పేస్తాం. వడికిన ఒక్క మనిషి పేరు చెప్పమంటే మాత్రం ఈ హాల్లో చేతులు లేవవు.

ఇందులో మా కెమెరా వాళ్ల పాపం కొంత ఉంది. పొందూరు వచ్చిన ప్రతి టీవీ బృందమూ నేరుగా మగ్గం దగ్గరికే పోతుంది. మగ్గం కెమెరాకి చుట్టం. నాడె అటూ ఇటూ పరిగెడుతుంది, చప్పుడుంటుంది, బట్ట కళ్లముందే పెరుగుతుంది. వడకడంలో ఆ సౌకర్యం లేదు. ఒకావిడ గోడవారన కూర్చుని కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో ఏకులోంచి, అంటే ఏకి చుట్టిన దూదిలోంచి, దారం లాగుతుంది. పొద్దున్న తీసినా, సాయంత్రం తీసినా అదే షాటు. వార్తలో దానికి ఐదు సెకన్లు ఇస్తే గొప్ప. మగ్గం మీద ఎక్కువగా మగవాళ్లు, రాట్నం దగ్గర ఆడవాళ్లు. కాబట్టి ఆ ఐదు సెకన్ల లెక్కలో ఎవరు మిగిలిపోతున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

1895లో లూమియేర్ సోదరులు ఫ్రాన్సులో లియాన్ దగ్గర తీసిన మొదటి సినిమాల్లో ఒకటి వాళ్ల సొంత ఫ్యాక్టరీ గేటులోంచి పనివాళ్లు బయటికి రావడం. వచ్చినవాళ్లలో చాలామంది ఆడవాళ్లే. నిమిషం కూడా లేని ఆ సినిమాలో వాళ్ల టోపీలు కనిపిస్తాయి, గౌన్లు కనిపిస్తాయి. లోపల ఏం పని చేసి వచ్చారో మాత్రం కనపడదు. కెమెరా గేటు బయటే నిలబడింది. చాలా కెమెరాలు ఇప్పటికీ అక్కడే నిలబడి ఉన్నాయని నా అనుమానం.

వీళ్లు లోపలికి వెళ్లారు. వెళ్లి ముందు కెమెరా తీయలేదు, పని నేర్చుకున్నారు. కొండపత్తి, ఎర్రపత్తి చేతికి రాగానే గింజ తీసేయరు. గింజ ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఈ సినిమాలో ఆ ఎముకని బాగా దగ్గరగా చూస్తారు. దాని పళ్లు కంటికి ఆననంత సన్నం, వేలికి మాత్రం ముళ్లలా తగులుతాయి. ఆవిడ పత్తిని గింజ దగ్గర పట్టుకుని పోగులు ఒకే వైపు తిరిగేదాకా దువ్వుతుంది. చెత్త, పొట్టి పోగులు ఆ పళ్లలో ఇరుక్కుంటాయి. ఇంత సన్నం పని చేసే ఇనుప దువ్వెన దొరకలేదట. తర్వాత చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీతో దొర్లిస్తే గింజ పక్కకి వస్తుంది. విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, నలగకుండా ఎండు అరటి దొప్పలో పెట్టుకుంటారు. ఇంత అయ్యాకే రాట్నం ముందు కూర్చోవడం.

నూలు సన్నదనం నంబర్లలో చెబుతారు కదా. నూరో నంబరు అంటే ఇంగ్లీషు లెక్కలో ఒక పౌను దూది నుంచి 100 చిలపలు, అంటే నూలు చుట్టలు, చిలపకి 840 గజాలు. కూడితే 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. అరకిలో కూడా లేని దూదితో ఇక్కణ్ణించి విజయనగరం దాకా దారం వేయొచ్చన్నమాట. పొందూరులో నూరు నంబరు, అంతకన్నా సన్నం నూలు కూడా చేత్తోనే వడుకుతారు. ఈ లెక్క విన్నప్పుడు కెమెరా కుర్రాడు తన బ్యాగు పక్కన పెట్టి నేలమీద కూర్చుండిపోయాడట. తెల్లటి పోగు, వెనక సున్నం కొట్టిన గోడ. ఏ లెన్సుకి కనపడుతుంది? చివరికి దారి చూపించింది ఆవిడే. ఆవిడ ఎప్పుడూ గుమ్మం వెలుగు పక్కనుంచి పడేలా కూర్చుంటుంది, లేకపోతే తెగిన పోగు తనకే కనపడదు. వీళ్లు కూడా ఆ వెలుగునే నమ్ముకున్నారు. వేడి లైట్లు పెట్టలేదు. ఫ్యాను గాలికి పోగు నిలవదు కాబట్టి ఫ్యానూ లేదు. మే నెలలో తీసిన భాగం చూస్తే కెమెరా కాస్త వణుకుతుంది. అది కళ కాదు, చెమట.

మా వృత్తి వాళ్ల కోసం ఒక్క సాంకేతిక విషయం చెప్పి ముందుకెళ్తాను. పొందూరు రాట్నం చక్రానికి 24 ఆకులు, అంటే మధ్య నుంచి అంచుకి పోయే పుల్లలు. దారం చుట్టుకునే కదురు ఒక్కటే. మన వీడియో సెకనుకి 25 ఫ్రేములు. చక్రం సెకనుకి ఒక చుట్టు కన్నా పిసరు ఎక్కువ తిరిగితే, ప్రతి ఫ్రేములోనూ ఒక ఆకు ఉన్నచోటికి సరిగ్గా దాని పక్క ఆకు వచ్చి కూర్చుంటుంది. తెర మీద చక్రం కదలదు! కొంచెం నెమ్మదిస్తే వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. వీళ్లు మొదట తీసింది అలాగే వచ్చింది. చక్రం వెనక్కి, దారం ముందుకి. స్లో మోషన్‌లో తీస్తే సమస్య తీరుతుందని నేనే చెప్పాను. దర్శకురాలు ఒప్పుకోలేదు. "ఆవిడ చెయ్యి ఎంత వేగంగా కదుల్తుందో అంతే వేగంగా కనపడాలి సార్" అంది. షట్టర్ వేగం తగ్గించి ఆకులు మసకగా కలిసిపోయేలా తీశారు. మామూలు కంటికి రాట్నం కనిపించేది కూడా అలాగే.

ఇక నేను మొదట అన్న "ఇంకొక్కసారి" సంగతి. పెళ్లిలో ఇంకొక్కసారి అంటే అక్షింతలు ఇంకో గుప్పెడు పడతాయి, అంతే. ఇక్కడ ఇంకొక్కసారి అంటే ఒక ఏకు పాడవుతుంది. ఆవిడకి కూలి గంటల లెక్కన రాదు, ఇచ్చిన నూలు లెక్కన వస్తుంది. కెమెరా కోసం ఆగిన ప్రతిసారీ ఆవిడ డబ్బు పోతుంది. మొదటిరోజే ఆవిడ తేల్చి చెప్పేసింది: "నాను వడుకుతునే ఉంతాను గదమ్మా, నువ్వు అక్కడ కూకుని నీకేటి కావాలో అది తీసుకో." ఆ మాటే వీళ్లకి స్క్రిప్టు అయింది. అయినా కొంత పని చెడుతుంది కదా. ఎదురుగా మనిషి కూర్చుంటే చెయ్యి నెమ్మదిస్తుంది. అందుకని వీళ్లో నోటుబుక్కు పెట్టారు. షూటింగు లేని రోజు ఆవిడ వడికే నూలెంత, ఉన్న రోజు ఎంత, తేడా ఎంత. ఆ తేడాకి డబ్బు ఏ రోజుకారోజు చేతిలో పెట్టారు.

డాక్యుమెంటరీలో కనిపించేవాళ్లకి డబ్బివ్వకూడదు, ఇస్తే నిజం చెడిపోతుంది అనే వాదం ఒకటుంది. పెద్దపెద్ద వాళ్లే అంటారు. నాకు ఒక్కనాడూ ఎక్కలేదది. పెళ్లివారి దగ్గర అడ్వాన్సు పుచ్చుకోకుండా మనం కెమెరా సంచి జిప్పు తీయం. కెమెరామన్‌కి, ఎడిటర్‌కి, చివరికి టీ తెచ్చిన కుర్రాడికి కూడా డబ్బిచ్చాక చెడిపోని నిజం, వడికే మనిషికిస్తే చెడిపోతుందా?

ఈ తోవ వీళ్లు కొత్తగా వేసింది కాదు. 1980లో దీపా ధన్‌రాజ్, నవ్‌రోజ్ కాంట్రాక్టర్, మరికొందరు కలిసి యుగాంతర్ అనే బృందం పెట్టుకున్నారు. కర్ణాటకలో నిపాణి పొగాకు పనివాళ్లతో, పూణేలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లతో సినిమాలు తీశారు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘంతో కలిసి 1983లో తెలుగులోనూ ఒకటి తీశారు. ముందు ఆ ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడి, ఆ మాటల్లోంచి సినిమా కట్టడం వాళ్ల పద్ధతి. మన దర్శకురాలు, కెమెరా కుర్రాడు ఇద్దరూ ఆ సినిమాలు చూసినవాళ్లే.

అన్నీ మెచ్చుకోలేను. మొదట్లో పొందూరు మీదుగా ఎగిరే డ్రోన్ షాటు ఒకటుంది. డ్రోన్ ఉంది కాబట్టి ఎగరేశారు, అంతకుమించి దానికి కారణం లేదు. హౌరా లైనులో పోయే రైళ్ల రొద తుడిచేయకుండా వదిలేయడం బాగుంది గానీ, ఒకచోట ఆవిడ మాటే మింగేసింది. ఆ మాట ఏమిటో నేను దర్శకురాలిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. నేతగాళ్ల భాగం మరీ కుదించారు. మగ్గం మీద నాకున్న కోపం వాళ్లకి నాకంటే ఎక్కువున్నట్టుంది.

మధ్యలో ఒక ఏకు మొదలైన దగ్గర్నించి అయిపోయేదాకా కత్తెర వేయకుండా ఒకే షాటుగా ఉంచారు. సగం చేసేయమని నేను గట్టిగానే చెప్పాను. ఇప్పటికీ నాది తప్పు సలహా అని నాకు పూర్తిగా అనిపించడం లేదు. చూసి మీరే చెప్పండి. సినిమా అయ్యాక ఇద్దరూ ఇక్కడే ఉంటారు, మొహమాటపడకుండా అడగండి.

ఒక్క మనవి. దీన్ని పొందూరులో, ఆవిడ వీధిలోనే వేయాలని వీళ్ల కోరిక. ప్రొజెక్టరు నేనిస్తాను. ఆరుబయట వేయడానికి పెద్ద తెర, ఒక జెనరేటరు కావాలి. ఇప్పుడు ముహూర్తాలు లేవు కాబట్టి మన వీడియో వాళ్లలో ఎవరి గోడౌనులోనో అవి ఖాళీగానే పడి ఉంటాయని నాకు తెలుసు. వెళ్లేముందు నన్ను కలవండి. డీజిల్ ఖర్చు మాట్లాడుకుందాం.