ఐస్‌లాండ్ 2016: గుడ్లు, గోల్స్, ఓట్లు. ఒక ఏడాదికి రివ్యూ

నమస్తే అండి. రివ్యూ అంటే సినిమాకో ఫోనుకో చేస్తారు కదా, ఈరోజు నేను ఒక ఏడాదికి చేస్తున్నా. దేశం ఐస్‌లాండ్, సంవత్సరం 2016. ఆ పేరు చెప్పగానే చాలామందికి ఇంగ్లండ్‌ని ఓడించిన ఫుట్‌బాల్ మ్యాచే గుర్తొస్తుంది. దానికి వస్తాను, తొందరేం లేదు. నా లెక్కలో మాత్రం అది ఇంటర్వెల్ బ్యాంగ్. అసలు కథ ఏప్రిల్‌లో మొదలై అక్టోబర్‌లో తేలింది, తేలిన తీరు చూస్తే ఏప్రిల్‌లో అరిచినవాళ్లే ముక్కున వేలేసుకుంటారు.

ముందు ఒక లెక్క చూడండి. అప్పటికి ఐస్‌లాండ్ జనాభా సుమారు 3 లక్షల 30 వేలు. 2011 జనాభా లెక్కల్లో ఒక్క రాజమండ్రి నగరంలోనే 3 లక్షల 40 వేల మంది ఉన్నారు. రాజమండ్రికి సొంతంగా ఒక పార్లమెంటు, ఒక ప్రధాని, ఒక అధ్యక్షుడు, ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉన్నాయనుకోండి. అదీ సీను. అన్నట్టు అక్కడ చాలామందికి ఇంటిపేర్లుండవు. తండ్రి పేరు చివర కొడుకైతే సన్, కూతురైతే దోత్తిర్ తగిలిస్తారు. ప్రధానినైనా సొంత పేరుతోనే పిలుస్తారు, కాబట్టి నేను కూడా అలాగే పిలుస్తా. నోరు తిరగని చోట క్షమించండి.

2008లో ఆ దేశపు మూడు పెద్ద బ్యాంకులు వారం రోజుల్లో కుప్పకూలాయి. 2016 నాటికీ జనం గుండెల్లో ఆ మంట ఆరలేదు. 2013లో ప్రధాని అయిన సిగ్ముందుర్, బ్యాంకులకి అప్పులిచ్చిన విదేశీ సంస్థలతో గట్టిగా ఉంటానని చెప్పి గెలిచిన మనిషి.

ఇక 2016 మార్చి 11. స్వీడన్ టీవీ విలేకరి ఒకరు ప్రధానితో ఇంటర్వ్యూకి కూర్చున్నాడు. మొదట అన్నీ మెత్తటి ప్రశ్నలే. పన్నులు ఎగ్గొట్టేవాళ్ల గురించి మీ అభిప్రాయం ఏంటండీ? అది సమాజాన్ని మోసం చేయడమేనని ప్రధాని చక్కగా జవాబిచ్చాడు. మరి మీకు విదేశాల్లో ఏదైనా కంపెనీతో సంబంధం ఉందా? అప్పుడు చూడాలి ఆ ముఖం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే. మాట మొదలుపెడతాడు, మధ్యలో ఆగుతాడు, ఇంకో మాట అందుకుంటాడు. అంతలో ఐస్‌లాండ్ విలేకరి యోహన్నెస్ వచ్చి కూర్చుని వింత్రిస్ అనే కంపెనీ పేరెత్తాడు, అదీ సొంత భాషలో. ప్రధాని లేచి బయటికి వెళ్లిపోయాడు.

పనామా పేపర్స్, అంటే పనామాలోని ఒక లా సంస్థ నుంచి బయటికి పొక్కిన రహస్య పత్రాలు, బయటపెట్టిన విషయం ఇది. వింత్రిస్ బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో పెట్టిన కంపెనీ. 2009 చివర్లో సిగ్ముందుర్ అందులో తన సగం వాటాని ఒకే ఒక్క డాలరుకి భార్యకి అమ్మేశాడు. కూలిన బ్యాంకుల నుంచి డబ్బు రావాల్సిన వాళ్ల జాబితాలో ఆ కంపెనీ కూడా ఉంది. అంటే ఎవరితో గట్టిగా ఉంటానన్నాడో ఆ వరసలో ఇంట్లో మనిషే నిలబడి ఉంది! పన్నులన్నీ సక్రమంగా కట్టామన్నది ఆ దంపతుల వాదన. కావచ్చు. కానీ జనానికి కోపం వచ్చింది పన్ను మీద కాదు, దాచిపెట్టినందుకు.

ఏప్రిల్ 3న ఆ ఇంటర్వ్యూ ప్రసారమైంది. మర్నాడు పార్లమెంటు ముందున్న ఆస్తుర్వొత్లుర్ మైదానం నిండిపోయింది. నిర్వాహకులు 22 వేలన్నారు, పోలీసుల అంచనా బాగా తక్కువ. తక్కువ లెక్కే తీసుకున్నా, దేశ జనాభాలో అదెంత వాటానో చూసుకోండి. గుడ్లు, పెరుగు, అరటిపళ్లు పార్లమెంటు గోడల మీద పడ్డాయి. అరటిపళ్లు ఎందుకంటే, బనానా రిపబ్లిక్ అని, అంటే అవినీతి పాలకుల చేతిలో చిక్కిన దేశం అని ఎత్తిపొడుపు.

ఏప్రిల్ 5న ప్రధాని దిగిపోతున్నాడని వార్త. ఆ రాత్రే విదేశీ పత్రికలకి ఆయన ఆఫీసు నుంచి ఒక ప్రకటన వెళ్లింది: ఆయన రాజీనామా చేయలేదు, కొంతకాలం పాటు వేరొకరు పదవిలో ఉంటే బాగుంటుందని సూచించారు అంతే! ఇలాంటి డైలాగు మన దగ్గర రాస్తే కామెడీ ట్రాక్‌లో పెట్టుకుంటారు. రెండ్రోజుల్లో పార్టీలో రెండో స్థానంలో ఉన్న సిగుర్దుర్ ఇంగి ప్రధాని అయ్యాడు. వృత్తిరీత్యా ఆయన పశువుల డాక్టరు. 2017లో రావాల్సిన పార్లమెంటు ఎన్నికలు 2016లోనే పెట్టాలని తేలింది.

నాకు బాగా నచ్చిన మలుపు ఇక్కడుంది. ఆ గందరగోళం రోజుల్లో రాజ్యాంగం ఏమంటోంది, అధ్యక్షుడికి ఏ అధికారాలున్నాయి అని టీవీలో ఓపిగ్గా వివరించిన చరిత్ర ప్రొఫెసర్ ఒకాయన ఉన్నాడు, పేరు గుద్ని. ఇరవై ఏళ్లుగా అధ్యక్షుడిగా ఉన్న ఓలావుర్ రాగ్నర్ ముందు పోటీ చేయనన్నాడు, తర్వాత చేస్తానన్నాడు, మేలో మళ్లీ వద్దనుకున్నాడు. జూన్ 25న ఎన్నిక జరిగితే ఈ ప్రొఫెసర్ 39 శాతం ఓట్లతో గెలిచాడు. టీవీలో పాఠం చెప్పి దేశాధ్యక్షుడు అవ్వడమంటే మాటలా?

రెండ్రోజులకే, జూన్ 27న ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఇంగ్లండ్‌తో యూరో కప్ మ్యాచ్. నాలుగో నిమిషంలో ఇంగ్లండ్ ఆటగాడు రూనీ పెనాల్టీతో గోల్ కొట్టాడు. ఆరో నిమిషంలో ఐస్‌లాండ్ ఆటగాడు ఆరోన్ సైడ్‌లైన్ నుంచి చేతులతో దూరంగా విసిరిన బంతి, కారి తల తగిలి, రాగ్నర్ కాలికి చేరి గోల్. పద్దెనిమిదో నిమిషంలో కోల్బెయిన్ కొట్టింది మరీ అంత బలమైన షాట్ కూడా కాదు. ఇంగ్లండ్ గోల్ కీపర్ చేతికి తగిలి మరీ జారి లోపలికి దొర్లింది. రెండు, ఒకటి. ఆ తర్వాత డెబ్బై నిమిషాలకు పైగా ఇంగ్లండ్‌కి గోల్ దారే దొరకలేదు. మ్యాచ్ అవగానే ఇంగ్లండ్ కోచ్ రాజీనామా! ఆ సమయానికి ఐస్‌లాండ్‌లో టీవీ చూస్తున్నవాళ్లలో 99.8 శాతం ఈ మ్యాచే చూశారట. మిగతా 0.2 శాతం ఏం చూశారో నాకు తెలుసుకోవాలనుంది.

ఐస్‌లాండ్ ఇద్దరు కోచ్‌లలో ఒకడైన హేమిర్ పళ్ల డాక్టరు. రాజధాని రేక్యావిక్‌లో మ్యాచ్ ఉంటే, ముందు అభిమానులు కూర్చునే పబ్‌కి వెళ్లి ఈరోజు ఎవరెవర్ని ఆడిస్తున్నాడో వాళ్లకి చెప్పేవాడు. అది బయటికి పొక్కేది కాదు. ఇంత చిన్న దేశంలో నమ్మకం ఎలా పనిచేస్తుందో అక్కడ కనిపిస్తుంది. ఏప్రిల్‌లో ప్రధాని పోగొట్టుకున్నది కూడా అదే. క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ 5-2తో ఇంటికి పంపింది. అయినా రేక్యావిక్‌లో ఆర్నర్‌హోత్ల్ దిబ్బ మీద జనం, టీమ్ కలిసి చేతులెత్తి చప్పట్లు కొడుతుంటే చూడాలి. ఏప్రిల్‌లో గుడ్లు పడ్డ చోటు అక్కడికి నడిచివెళ్లేంత దూరమే.

అక్టోబర్ 24, మధ్యాహ్నం 2:38. ఆడవాళ్లు పని ఆపేసి ఆఫీసుల్లోంచి బయటికి వచ్చారు. మగవాళ్లతో పోలిస్తే తక్కువ వచ్చే జీతం లెక్క కడితే, ఆ నిమిషం తర్వాత చేసేదంతా ఉచిత చాకిరీ అని. 2005లో ఇలాగే వచ్చినప్పుడు టైము 2:08. పదకొండేళ్లకి అరగంట.

అయిదు రోజులకి ఎన్నికలు. ఏప్రిల్‌లో సర్వేల్లో 40 శాతం దాటిన ప్రతిపక్ష పైరేట్ పార్టీకి 14.5 శాతం వచ్చింది. మూడు సీట్లు పది అయ్యాయి, అంతే. సిగ్ముందుర్ పార్టీతో కలిసి సంకీర్ణంలో ఉన్న ఇండిపెండెన్స్ పార్టీయే 63లో 21 సీట్లతో ముందు నిలిచింది. ఎందుకంటారా? ఆ ఏడాది 17 లక్షలకు పైగా పర్యాటకులు దిగారు, హోటళ్లు కిటకిట, ఉద్యోగాలు బోలెడు. కడుపు నిండాక కోపం నిలవదు. సిగ్ముందుర్ ప్రధాని పదవి, పార్టీ పదవి రెండూ పోయినా ఎంపీగా మాత్రం మళ్లీ గెలిచాడు.

ప్రభుత్వం ఏర్పడేసరికి 2017 జనవరి 11 అయింది. మెజారిటీ ఒక్కటంటే ఒక్క సీటు. కొత్త ప్రధాని బ్యార్ని, పనామా పేపర్స్‌లో ఆయన పేరు కూడా ఉంది. ఆ ప్రభుత్వం అదే ఏడాది సెప్టెంబర్‌లో కూలిపోయింది.

నా మార్కులు: ఫుట్‌బాల్‌కి పదికి పది, ఏప్రిల్ జనానికి తొమ్మిది, అక్టోబర్ ఓటర్లకి అయిదు. ఆ ప్రొఫెసర్ చేతిలో రెండో స్థానంలో ఓడిపోయిన హల్లా అనే ఆవిడ 2024లో మళ్లీ నిలబడి అధ్యక్షురాలైంది. ఆ కథ వచ్చే వీడియోలో. ఉంటానండి.