కూకట్‌పల్లి టిఫిన్ సెంటర్‌లో అవార్డు

హాయ్ అండీ, అందరికీ నమస్తే! న్యూజెర్సీ నుంచి సెలవులకి హైదరాబాద్ వచ్చాం కదా, ఈ రోజు మిమ్మల్ని కూకట్‌పల్లిలో మా అక్కవాళ్ల టిఫిన్ సెంటర్‌కి తీసుకెళ్తున్నా. దోసెల కోసం కాదు, అక్కడ పనిచేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే అవార్డు చూపిద్దామని.

పొద్దుటి రష్ తగ్గాక అక్క అందరినీ కిచెన్‌లోకే పిలిచింది. స్టేజీ లేదు, మైకు లేదు. సర్టిఫికెట్ తీసి గట్టిగా చదివింది: "మొన్న రాత్రి షాపు కట్టేసే టైంకి గ్యాస్ వాసన పసిగట్టి, ఎవర్నీ స్విచ్ ముట్టుకోనివ్వకుండా, సిలిండర్ కట్టేయించి, తలుపులన్నీ తీయించిన మా పెద్దమ్మకి." గిన్నెలు కడిగే పెద్దమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుని ఆ కాగితం అందుకుంది. దోసె మాస్టర్ విజిల్ వేశాడు. "నా పేరు ఏడ రాసిన్రో చూపియ్యమ్మా" అని అడిగి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి అట్లాగే చూస్తూ ఉండిపోయింది. వీడియో తీస్తున్న నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నాకు బాగా నచ్చింది ఆ చదివిన వాక్యమే. చాలా చోట్ల "ఈ నెల ఉత్తమ ఉద్యోగి" అని గోడకి ఫొటో పెడతారు, ఏం చేసినందుకో రాయరు. ఇక్కడా మొదట్లో కౌంటర్ దగ్గర కనిపించేవాళ్లకే వచ్చేదట. గొడవెందుకని వంతులవారీగా ఇస్తే, అసలు ఎవరూ పట్టించుకోవడమే మానేశారట. వంతు ప్రకారం వచ్చేదాన్ని ఇంటికెళ్లి ఎవరు చెప్పుకుంటారు చెప్పండి?

బావగారు మాత్రం "దానికన్నా నాలుగు డబ్బులిస్తే సంతోషిస్తారు కదమ్మా" అన్నారు. ఆయన మాటలోనూ నిజం ఉంది. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లోనే చెప్పాడు: జీతం సరిగ్గా లేకపోతే అసంతృప్తి పెరుగుతుంది, కానీ పని మీద ఉత్సాహం తెచ్చేవాటిలో గుర్తింపు ఒకటి. రెండూ కావాలి. జీతం లేటు చేసి చేతిలో సర్టిఫికెట్ పెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అక్కావాళ్లు ఒకటో తారీఖు దాటనివ్వరు, అందుకే ఆ కాగితానికి విలువ.

ఇంకోటి, ఈ అవార్డు ఎవరికి, దేనికి అన్నది ముందు చెప్పరు. 1973లో అచ్చయిన స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడి ప్రయోగం ఒకటుంది. బొమ్మలేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశపెట్టిన పిల్లలు, తర్వాత తమంతట తాము బొమ్మలేయడం తగ్గించేశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఆ తేడా రాలేదు. పసిపిల్లల సంగతి పెద్దవాళ్లకి అచ్చంగా వర్తిస్తుందని అనను గానీ, అక్క పద్ధతే మంచిదనిపించింది.

వచ్చే నెల నుంచి పేర్లు స్టాఫే చెప్తారట. రాయడం రానివాళ్లు అక్కకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే చాలు. మాస్టర్ అప్పుడే తెల్లవారుజామున వచ్చి పిండి రుబ్బే కుర్రాడి పేరు చెప్పేశాడు. కస్టమర్లెవరూ అతన్ని చూసి ఉండరు. పదండి, ఇప్పుడు గ్రైండర్ దగ్గరికే వెళ్దాం.