రాయిని కదపకండి

పెద్దలకు, మిత్రులకు, వెనక వరుసలో కూర్చున్న కాలేజీ పిల్లలకు నమస్కారం.

ఇందాక నన్ను చరిత్ర పరిశోధకుడని పరిచయం చేశారు. అది నాకు పెద్ద చొక్కా. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన బడిపంతులిని. ఆదివారాలు ఊళ్ళు తిరుగుతాను, పాత శాసనాలున్న రాళ్ళు చూస్తాను, తెలిసింది రాసుకుంటాను. మన బృందంలో దాదాపు అందరిదీ ఇదే కథ. కొత్తగా చేరాలనుకునేవాళ్ళు ఉన్నారని విన్నాను కాబట్టి, ముందుగా మేము చేసిన ఒక తప్పు చెబుతాను. మా గొప్పలు ఎలాగూ టీ తాగేటప్పుడు వింటారు.

బృందం మొదలైన కొత్తలో ఒక ఊరి చెరువు కట్ట కింద, పొలం గట్టు మీద ఒక శాసనం కనబడింది. సగం భూమిలో ఉంది. మిగతా సగం మీద రైతులు కొడవళ్ళు నూరుకునేవారు. మా మనసు ఆగలేదు. ఊరివాళ్ళను ఒప్పించి, ట్రాక్టరు తెప్పించి, ఆ రాయిని పెకలించి గుడి ఆవరణలో సిమెంటు దిమ్మె మీద నిలబెట్టాం. కొబ్బరికాయ కొట్టాం, ఫోటోలు దిగాం. మూడు నెలలకు శాసనం చదవగలిగినవారు వచ్చి చదివారు. అందులో ఒక దానం సంగతి ఉంది. దానం ఇచ్చిన భూమికి హద్దులు చెబుతూ ‘ఈ రాతికి తూర్పున’ అని ఉంది.

ఏ రాతికి? మేము పెకలించిన రాతికే. అప్పటికే ఆ గట్టు చెరిపి పొలాలు కలిపేశారు. గుంత ఎక్కడుండేదో రైతుకే సరిగ్గా గుర్తు లేదు. వందల ఏళ్ళు కదలకుండా హద్దు చూపించిన రాయి ఇప్పుడు గుడి గోడకు తూర్పున ఏముందో చూపిస్తోంది. అక్కడ సైకిల్ స్టాండు ఉంది.

అందుకే మన బృందంలో మొదటి నియమం ఇది: రాయిని కదపకండి. అక్షరాలు ఎంత ముఖ్యమో, అది నిలబడిన చోటూ అంతే ముఖ్యం. రోడ్డు వేస్తూ యంత్రం మీదికి వచ్చినప్పుడో, వాగు కోసుకుపోతున్నప్పుడో తప్పనిసరిగా కదపాలంటే ముందు పురావస్తు శాఖకు చెప్పాలి. ఆ చోటు కొలతలు, ఫోటోలు, రాయి ఏ దిక్కుకు చూస్తోందో అన్నీ రాసుకోవాలి. అధికారుల అనుమతి వచ్చాకే చెయ్యి వెయ్యాలి.

ఈ పని మనతో మొదలు కాలేదు. 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. రాజరాజ నరేంద్రుడు పట్టం కట్టుకుని అప్పటికి తొమ్మిది వందల ఏళ్ళు. ఉత్సవం చేసుకుని ఊరుకోలేదు వాళ్ళు. శాసనాలు, నాణేలు, విగ్రహాలు పోగు చేశారు, 1926 నుంచి పత్రిక నడిపారు. ఆ మండలి కూడబెట్టిన సొత్తులో చాలా భాగం ఇప్పుడు అదే ఊళ్ళో రాళ్ళబండి సుబ్బారావు పేరుతో ఉన్న ప్రభుత్వ మ్యూజియంలో చూడవచ్చు.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఇంకో పరిశోధక సంఘం మొదలైంది. 1923లో చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు కన్నుమూశాక ఆయన పేరు పెట్టుకుని లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. దాని బరువు మోసిన ఆదిరాజు వీరభద్రరావు కూడా బడిపంతులే. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం ఛాతీ పొంగుతుంది, క్షమించాలి. శేషాద్రి రమణ కవులు అనే జంట కవులు ఊరూరా తిరిగి శాసనాలు సేకరించారు. ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటం 1935లో వచ్చింది, రెండోది 1960లో. మధ్యలో పాతికేళ్ళు. ‘మన బృందం పుస్తకం ఇంకా రాలేదేమి’ అని ప్రతి సమావేశంలో అడిగే మిత్రులకు ఈ రెండు సంవత్సరాలు మనవి చేసుకుంటున్నాను.

ఒక్క రాయి ఏం చేయగలదంటారా? నకిరేకల్లు దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడి శాసనం తేదీ 1289 నవంబరు 27కు సరిపోతుంది. పువ్వుల ముమ్మడి అనే ఆయన దేవుడికి భూమి ఇచ్చాడు. ఎందుకిచ్చాడంటే, రాణి రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం కలగాలని. అంటే అప్పటికే వాళ్ళు లేరు. ఈ శాసనం బయటపడక ముందు చరిత్రకారులు ఆమె 1295 దాకా ఏలిందని రాసుకుంటూ వచ్చారు. ఆ పెద్ద లెక్కను సరిదిద్దింది కోట శాసనం కాదు, ఊళ్ళోని దానశాసనం. ఆ దానం ఇచ్చినాయన చరిత్ర రాస్తున్నానని అనుకుని ఉండడు. తన ఏలికలకు పుణ్యం రావాలని రాతి మీద రాయించాడు, అంతే.

సరే, పని ఎలా చేస్తాం? చేతిలో నోటు పుస్తకం, ఫోను, టేపు, నీళ్ళ సీసా. రాయి కనబడగానే సుద్దముక్క తీసి అక్షరాల మీద రుద్దవద్దు, పిండి పూయవద్దు, నూనె రాయవద్దు. పొద్దున ఏడింటికో సాయంత్రం అయిదింటికో ఏటవాలు ఎండలో ఫోటో తీయండి, అక్షరాలు వాటంతటవే లేస్తాయి. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలో రాయి తప్ప ఏమీ కనబడదు. చీకటి పడితే టార్చి లైటును పక్క నుంచి వేయండి. కాగితం తడిపి రాతికి అతికించి, కుంచెతో కొట్టి, సిరా అద్ది నకలు తీసే పద్ధతి ఉంది. అది నేర్చుకున్నవారి పక్కన నిలబడి నేర్చుకోవలసిన పని, వీడియో చూసి మొదలుపెట్టేది కాదు. ఇక ప్రభుత్వం రక్షిత కట్టడమని బోర్డు పెట్టిన చోట అనుమతి లేకుండా నకలు మాట అటుంచి, చీపురు కూడా పట్టకండి.

పొలం దున్నుతుంటే నాణేల కుండో, శాసనం చెక్కిన రాగి రేకో దొరికిందని ఎవరైనా మీ చెవిలో చెబితే, ఆ రహస్యంలో భాగస్వాములు కాకండి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. తహసీల్దారుకు చెప్పమని ఆ రైతుకు నచ్చజెప్పండి, అవసరమైతే తోడు వెళ్ళండి. మన ఇంట్లో ఒక్క పూట కూడా పెట్టుకోవద్దు.

రాళ్ళ కన్నా నాకు ఇష్టమైన పని ఇంకొకటి ఉంది, పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవడం. రెండు వందల ఏళ్ళ క్రితం ఇంగ్లీషు కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులూ, వారి మనుషులూ ఊళ్ళ కైఫీయతులు, అంటే ఊరి వృత్తాంతాలు, రాయించారు. ఎంతో విలువైనవి. కానీ అందులో ఎక్కువగా వినబడేది కరణం గొంతు, అర్చకుడి గొంతు. చెరువు తూము ఎత్తిన నీరటి ఏమన్నాడో రాయలేదు. కొన్ని ప్రాంతాల్లో ఆయననే నీరుగంటి అంటారు. ఇప్పుడైనా ఆ గడప దగ్గరకు వెళ్దాం. అయితే ‘మీ ఊరి చరిత్ర చెప్పండి’ అని అడగకండి. అలా అడిగితే టీవీలో విన్నదే తిరిగి చెబుతారు. ‘కరువు ఏట నీళ్ళు ముందు ఎవరి పొలానికి వదిలేవారు? ఎవరికి చివర?’ అని అడగండి. ఊరి చరిత్ర మొత్తం బయటికి వస్తుంది, ఒక్కోసారి పక్కింటివారితో గొడవ కూడా. పాత దస్తావేజులు, ఫోటోలు, తాళపత్రాలు చూపిస్తే వాళ్ళ అరుగు మీదే ఫోటో తీసుకుని వాళ్ళ చేతికే ఇచ్చేయండి. ‘రేపు తెచ్చిస్తాను’ అన్న మాట మన బృందంలో నిషిద్ధం. ఆ రేపటి కోసం ఎదురుచూస్తున్న ఇళ్ళు చాలా చూశాను.

చివరగా గుడుల జీర్ణోద్ధరణ. మన ప్రాంతంలో శాసనాలకు దొంగల కన్నా ఎనామిల్ రంగు ఎక్కువ హాని చేస్తోందని నా అభిప్రాయం. భక్తితోనే వేస్తారు, కోప్పడి లాభం లేదు. కమిటీ పెద్దలకు దానశాసనం చివర ఉన్న శ్లోకం చదివి వినిపించండి. తానిచ్చినదైనా, ఇతరులిచ్చినదైనా ఆ భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని ఉంటుంది. నేను రెండు చోట్ల వినిపించాను. ఒక చోట రంగు డబ్బా మూత మళ్ళీ బిగించారు. రెండో చోట, భూమి కాజేసినవాడికి కదా శాపం, రంగు వేసినవాడికి కాదు కదా అన్నారు. తర్కం వాళ్ళదే గెలిచింది, గోడ పచ్చబడింది.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు చెరువు కట్ట మీద మర్రిచెట్టు దగ్గర కలుద్దాం. తూము పక్కన ఒక వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, ఉంది, చుట్టూ సర్కారు తుమ్మ కమ్ముకుంది. కొడవలి ఒకటి చాలు, నేను తెస్తాను. మీరు మెత్తటి కుంచె తెచ్చుకోండి. వైరు బ్రష్షు మాత్రం వద్దు.